గృహజ్యోతి జీరో బిల్లు: ఇరవై నెలల అనుభవంతో ఒక సమీక్ష

2024 మే నెలలో మీటరు రీడింగుకు వచ్చిన అబ్బాయి చేతిలోని చిన్న యంత్రం నుంచి చించి ఇచ్చిన బిల్లులో, కట్టవలసిన మొత్తం దగ్గర సున్నా కనిపించేసరికి మా అమ్మ ఆ కాగితం పట్టుకుని వాకిలి దాకా వెళ్లి అతన్ని మళ్లీ పిలిచింది. "తమ్మీ, గిదేంది, సున్నా వడ్డది? వచ్చే నెల రెండూ కలిపి ఇస్తవా ఏంది?" అని అడిగింది. "లేదమ్మా, మీకు గృహజ్యోతి వచ్చింది, కట్టేదేం లేదు" అని అతను చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. జూన్ బిల్లు కూడా సున్నాగా వచ్చిన తర్వాతే, మే నెల బిల్లు కోసం పక్కన పెట్టిన అయిదు వందల రూపాయలను బియ్యం డబ్బాలోంచి బయటకు తీసింది.

మా అమ్మ బీడీలు చుడుతుంది. కార్ఖానా వాళ్లు ఆకు, తంబాకు తూచి ఇచ్చిన రోజులే పని రోజులు. నెలలో సగం రోజులు పని దొరికితే అది మంచి నెల కింద లెక్క. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. వేసవి సెలవుల్లో మాకు జీతం ఉండదు. ఉత్తర తెలంగాణలోని ఒక చిన్న పట్టణంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్న మాకు నెలకు అయిదు వందల కరెంటు బిల్లు ఏ స్థాయి ఖర్చో ఈ వివరాలను బట్టి తెలుస్తుంది. ప్రభుత్వ పథకాన్ని కూడా దుకాణాన్నో, బ్యాంకునో తూచినట్టే వాడినవాళ్లు తూచి చెప్పాలని నా అభిప్రాయం. ఇది మేము ప్రతి నెలా వాడుకుంటున్న సేవ, దీనికి అర్హత ఉండీ అందనివాళ్లు మా వీధిలోనే ఉన్నారు, కాబట్టి దీనిలోని మంచిని, లోపాన్ని రెండింటినీ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పథకం స్వరూపం క్లుప్తంగా ఇది. 2023 సెప్టెంబరులో తుక్కుగూడ సభలో కాంగ్రెస్ పార్టీ ప్రకటించిన ఆరు గ్యారంటీల్లో గృహజ్యోతి ఒకటి. డిసెంబరులో రేవంత్ రెడ్డి ప్రభుత్వం ఏర్పడిన తర్వాత 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన పేరుతో గ్రామ సభల్లోను, వార్డుల్లోను దరఖాస్తులు తీసుకున్నారు. ఫిబ్రవరి 27న పథకాన్ని ప్రారంభించి, మార్చి నుంచి జీరో బిల్లులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆహార భద్రత కార్డు, అంటే మనం ఇప్పటికీ తెల్ల రేషన్ కార్డు అని పిలుచుకునే కార్డు, ఉన్న కుటుంబం గృహ అవసరాల కనెక్షన్ మీద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే ఆ నెల బిల్లు మొత్తాన్ని ప్రభుత్వమే భరిస్తుంది. ఒక కుటుంబానికి ఒక కనెక్షన్‌కే ఇది వర్తిస్తుంది. అద్దెకు ఉండేవాళ్లు కూడా అర్హులే. ఇంటి ఓనరు పేరు మీద మీటరు ఉంటే మనకు రాదని భయపడి దరఖాస్తే చేయని కుటుంబాలు నాకు తెలిసి మూడు ఉన్నాయి కాబట్టి ఈ చివరి మాటను నొక్కి చెబుతున్నాను.

దరఖాస్తు రోజు నాకు బాగా గుర్తుంది. అభయహస్తం అని పైన అచ్చు వేసిన ఒకే ఫారంలో అన్ని పథకాలకూ గడులు ఉన్నాయి. గృహజ్యోతి భాగంలో నెలకు ఎన్ని యూనిట్లు వాడుతున్నారో టిక్కు పెట్టాలి, మీటరు కనెక్షన్ నంబరు రాయాలి. ఆధార్, రేషన్ కార్డు నకళ్లు జత చేయాలి. అయిదో తరగతితో చదువు ఆపేసిన మా అమ్మ ఒక్కతే వెళ్లి ఉంటే ఆ ఫారం నింపగలిగేది కాదు. ఆ రోజు వార్డు కేంద్రం దగ్గర నేను మా వాళ్లదే కాక మరో తొమ్మిది ఫారాలు నింపాను. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఇబ్బంది పెట్టిన గడి ఒక్కటే, ఆ మీటరు నంబరు గడి.

ఇక్కడ కాస్త ఆగి వివరించాలి, ఎందుకంటే మాకు రెండు నెలలు ఆలస్యం కావడానికి కారణం ఇదే. కరెంటు బిల్లు మీద రెండు రకాల నంబర్లు ఉంటాయి. ఒకటి పాతకాలం నుంచి వస్తున్న సర్వీసు నంబరు. ఇంటి గోడ మీద, మీటరు పెట్టె మీద పెయింటుతో రాసి ఉండేది సాధారణంగా అదే. రెండోది యూనిక్ సర్వీస్ నంబరు, కంప్యూటరులో మన కనెక్షన్‌ను గుర్తించే నంబరు. మీటరు పెట్టె మీద చూసి రాసినవాళ్లు మొదటి నంబరు రాశారు, బిల్లు చూసి రాసినవాళ్లలో కూడా కొందరు ఆ రెంటినీ తికమక పడ్డారు. నేను సరైన నంబరే రాశాను; కానీ ఫారంలోని వివరాలను కంప్యూటరులోకి ఎక్కించిన చోట ఒక అంకె తారుమారైంది. ఫలితంగా మార్చిలో పక్కింటివాళ్లకు సున్నా బిల్లు వచ్చింది, మాకు మాత్రం 480 రూపాయల బిల్లు వచ్చింది.

సవరణ కోసం నేను ఒక కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి సంబంధిత ఉద్యోగి లేరు, రెండోసారి సర్వర్ లేదు. మూడోసారి సగం పూట సెలవు పెట్టి వెళితే అక్కడి కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయి నా చేతిలోని బిల్లు, రేషన్ కార్డు, ఆధార్, దరఖాస్తు రసీదు తీసుకుని పది నిమిషాల్లో సరిచేసింది. పది నిమిషాల పనికి మూడు ప్రయాణాలు అయ్యాయి, ఒక సగం రోజు జీతం పోయింది. అయినా అన్యాయం జరిగిందని నేను అనడం లేదు, ఆ అమ్మాయి ఎదుట ఆ రోజు కనీసం అరవై మంది ఉన్నారు. రాష్ట్రం మొత్తం మీద కోటికి పైగా వచ్చిన దరఖాస్తులను అంత తక్కువ వ్యవధిలో ఎక్కించినప్పుడు తప్పులు దొర్లడం సహజం. నా అభ్యంతరం వేరే. ఏ కారణంతో మాకు జీరో బిల్లు రాలేదో తెలియజేసే ఒక్క సందేశం కూడా మాకు అందలేదు. ఫారంలో ఫోన్ నంబరు రాయించుకున్నారు; నంబరు సరిపోలలేదు, వచ్చి సరిచేయించుకోండి అని ఒక చిన్న సందేశం ఆ ఫోనుకు పంపి ఉంటే మొదటి రెండు ప్రయాణాలు అవసరం అయ్యేవి కావు. చదువు రానివాళ్లు, పనికి నాగా పెట్టలేనివాళ్లు ఇలాంటి చోటే ఆగిపోతారు. మా వీధి చివర ఇస్త్రీ బండి నడిపే పెద్దాయన ఒకసారి వెళ్లి, పని కాక, మళ్లీ వెళ్లలేదు. నేను 2024 ఆగస్టులో ఆయన కాగితాలు పట్టుకుని వెళ్లేదాకా ఆరు నెలల బిల్లులు ఆయన కడుతూనే ఉన్నారు.

వచ్చిన తర్వాత మాత్రం ఈ సేవకు వంక పెట్టలేను. ఇరవై నెలల్లో పథకం కోసం మేము ఎక్కడికీ వెళ్లలేదు, ఏ కాగితమూ మళ్లీ ఇవ్వలేదు, ఎవరినీ బతిమాలలేదు. ప్రతి నెలా రీడింగు తీస్తారు, యంత్రం బిల్లు కొడుతుంది, అందులో వాడిన యూనిట్లు, వాటి ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం అన్నీ విడివిడిగా ఉండి, ఆ మొత్తాన్ని గృహజ్యోతి సబ్సిడీగా తీసివేసినట్టు కనిపిస్తుంది. సున్నా మాత్రమే అచ్చు వేసి వదిలేయకుండా ఈ లెక్క చూపించడం చాలా మంచి పద్ధతి. కరెంటు ఊరికే రాలేదని, దాని ఖరీదు ఇంత అని, ఆ ఖరీదును ప్రజల పన్నుల నుంచి విద్యుత్ సంస్థకు కడుతున్నారని మా అమ్మకు ఆ కాగితం చూపించి చెప్పగలిగాను. 2003 నాటి విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వదలచిన రాష్ట్ర ప్రభుత్వం ఆ సొమ్మును విద్యుత్ సంస్థలకు ముందుగానే చెల్లించాలి. ఆ చెల్లింపులు సకాలంలో జరిగినంత కాలమే ఈ సున్నా నిలబడుతుంది కాబట్టి, దాన్ని వాడుకుంటున్న మనకూ ఆ విషయం మీద శ్రద్ధ ఉండాలి.

ఇప్పుడు లెక్కల సంగతి. తెలంగాణలో గృహ వినియోగానికి మూడు మెట్లు ఉన్నాయి. నెల మొత్తం వాడకం 100 యూనిట్లు దాటని ఇళ్లకు మొదటి 50 యూనిట్లకు 1 రూపాయి 95 పైసలు, తర్వాతి 50కి 3 రూపాయల 10 పైసలు. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి యూనిట్ నుంచే ధర మారి, తొలి వందకు 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు పడుతుంది. 200 దాటితే మళ్లీ మొదటి యూనిట్ నుంచే మారి, ఆ 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసల చొప్పున, 300 దాకా పైబడిన యూనిట్లకు 7 రూపాయల 70 పైసల చొప్పున లెక్క కడతారు. మేము మామూలు నెలలో 110 యూనిట్ల దాకా వాడతాము. రోజుకు పద్నాలుగు గంటలు తిరిగే రెండు పాత ఫ్యాన్లు నెలకు సుమారు 63 యూనిట్లు తీసుకుంటాయి. చిన్న ఫ్రిజ్ 30. దీపాలు, టీవీ, మిక్సీ, ఇస్త్రీ పెట్టె కలిపి మిగిలినది. ఆ వాడకానికి యూనిట్ల ఛార్జీయే 388 రూపాయలు, మిగతా ఛార్జీలు కలిస్తే అయిదు వందలకు దగ్గర. ఏడాదికి చూస్తే దాదాపు ఆరు వేలు మా ఇంట్లో మిగులుతున్నాయి. 2024 దసరాకు ముందు మా అమ్మ కంటి శుక్లం ఆపరేషన్ తర్వాత మందులకు, అద్దాలకు వాడింది ఆ డబ్బునే.

కానీ ఆ 200 గీత దగ్గర ఏం జరుగుతుందో 2025 మేలో మాకు అనుభవంలోకి వచ్చింది. మా అక్క కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పసిపిల్ల ఉన్న గదిలో మే నెల ఎండకు ఫ్యాను సరిపోక, మా మేనత్త ఇంటి నుంచి కూలర్ తెచ్చి పెట్టాము. కూలర్ ఏసీ లాగా కరెంటు తినదు, 180 వాట్లకు మించదు. అయితే రోజుకు పదహారు గంటలు తిరిగితే అదే నెలకు 86 యూనిట్లు అవుతుంది. దానికి తోడు రెండో గదిలో పగలు కూడా ఫ్యాను ఆగలేదు. ఆ నెల రీడింగు 206 యూనిట్లు వచ్చింది. 200 వద్ద ఆగి ఉంటే కట్టవలసినది సున్నా. పైన ఆరు యూనిట్లు వాడినందుకు 206 యూనిట్లకూ, అదీ పై మెట్టు ధరతో, యూనిట్ల ఛార్జీయే 1,066 రూపాయలు, మిగతా ఛార్జీలతో కలిపి దాదాపు 1,200 రూపాయల బిల్లు చేతికి వచ్చింది. నాకు జీతం లేని నెల, ఇంట్లో బాలింత ఉన్న నెల అది. మా అక్క ఆ బిల్లు చూసి, తన వల్లే వచ్చిందని బాధపడి, మర్నాటి నుంచి కూలర్ ఆపేయబోయింది. పసిబిడ్డకు చెమటకాయలు పోసిన ఒంటిని చూస్తూ యూనిట్లు లెక్కపెట్టవలసిన పరిస్థితి ఏ తల్లికీ రాకూడదు.

ఈ పథకంలో నేను చూసిన పెద్ద లోపం ఇదే. 110 యూనిట్లు వాడినా సున్నాయే, 190 వాడినా సున్నాయే కాబట్టి నెలంతా ఏ హెచ్చరికా ఉండదు. 200 దాటిన క్షణంలో ఒక్కసారిగా వెయ్యికి పైగా భారం పడుతుంది. మెట్లు దిగినట్టు క్రమంగా తగ్గవలసిన సాయం గోడ మీద నుంచి పడినట్టు పోతుంది. ఇలా కాకుండా చేయవచ్చనడానికి మన దేశంలోనే ఉదాహరణలు ఉన్నాయి. ఢిల్లీలో 2019 ఆగస్టు నుంచి 200 యూనిట్ల వరకు బిల్లు లేకుండా చేసి, 201 నుంచి 400 యూనిట్లు వాడేవాళ్లకు 800 రూపాయల పరిమితితో సగం రాయితీ ఇచ్చారు. అక్కడ 206 యూనిట్లు వాడిన ఇల్లు మొత్తం సాయాన్ని పోగొట్టుకోదు. తమిళనాడులో రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు కార్డుతో నిమిత్తం లేకుండా ప్రతి ఇంటికీ ఉచితం. కర్ణాటకలో ఇదే గృహజ్యోతి పేరుతో 2023లో మొదలైన పథకంలో ఆ ఇంటి పాత సగటు వాడకానికి కొంత కలిపి ఉచిత యూనిట్లు నిర్ణయిస్తారు, దాన్ని దాటిన యూనిట్లకు మాత్రమే డబ్బు కట్టాలి. అయితే అక్కడా 200 దాటితే మొత్తం బిల్లు కట్టవలసిందే, పైగా తక్కువ వాడిన పేద ఇంటికి తక్కువ ఉచితం దక్కుతుంది కాబట్టి ఆ పద్ధతి నాకు అంత న్యాయంగా అనిపించలేదు. మన దగ్గర 200 పైబడిన యూనిట్లకు మాత్రమే 7 రూపాయల 70 పైసల చొప్పున వసూలు చేసినా మాకు ఆ నెల 46 రూపాయలు పడేది, మేము సంతోషంగా కట్టేవాళ్లం. అంత ఉదారంగా చేయడం కష్టమనుకుంటే, ఏప్రిల్, మే నెలలకైనా గీతను 250కి జరపవచ్చు. నలభై అయిదు డిగ్రీల ఎండ కాసే రాష్ట్రంలో జనవరికీ మే నెలకూ ఒకే గీత గీయడం ఇళ్లలోని వాస్తవానికి దూరంగా ఉంది.

గీత దాటిన నెల బిల్లు కట్టేసిన తర్వాత జూన్‌లో మా వాడకం తగ్గి మళ్లీ సున్నా వచ్చింది. ఒకసారి దాటినంత మాత్రాన పథకం నుంచి శాశ్వతంగా తీసివేయరు. ఈ విషయం తెలియక, ఒక నెల బిల్లు రాగానే పేరు కొట్టేశారని మా పాఠశాల ఆయా మూడు రోజులు దిగులుపడింది. ఆ వేసవి తర్వాత నేను జీతం రాగానే పాత ఫ్యాన్లు రెండింటినీ తీసేసి, ముప్పై వాట్ల లోపు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఒకటి తర్వాత ఒకటి కొన్నాను. ఒక్కొక్కటి రెండున్నర వేలకు పైనే అయింది, కానీ ఆ రెండూ కలిసి నెలకు 38 యూనిట్ల దాకా ఆదా చేస్తున్నాయి. అవి ముందే ఉండి ఉంటే ఆ మే నెల మేము 170 దగ్గర ఆగేవాళ్లం. ప్రభుత్వం జీరో బిల్లుతో పాటు ఇలాంటి ఫ్యాన్లను వాయిదాల మీద కార్డుదారులకు అందిస్తే, సబ్సిడీగా తాను కట్టే సొమ్మూ తగ్గుతుంది, వేసవిలో గీత దాటే ఇళ్లూ తగ్గుతాయి.

ఇక ఈ సేవ అసలు తలుపు దగ్గరే ఆపేసేవాళ్ల గురించి. మేము అద్దెకు ఉన్నా మాకు విడిగా మీటరు ఉంది. మా వెనక వీధిలో ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు ఉన్న ఇల్లు ఉంది. మూడు కుటుంబాలూ కూలి చేసుకునేవే, మూడింటికీ రేషన్ కార్డులు ఉన్నాయి, ఒక్కొక్కటి వాడేది 80 యూనిట్లకు మించదు. కానీ ముగ్గురి వాడకం ఒకే మీటరులో కలిసి 240 అవుతుంది కాబట్టి ఎవరికీ జీరో బిల్లు రాదు. ఓనరు పెట్టించిన సబ్ మీటరు చూసి యూనిట్‌కు ఎనిమిది రూపాయల చొప్పున వాళ్లు కడుతున్నారు. విడిగా ఉంటే మొదటి మెట్టు ధర పడవలసిన ఇళ్లు అవి, పథకం కింద అసలు ఏమీ కట్టనవసరం లేని ఇళ్లు అవి. నా లెక్కలో ఈ పథకం అందరికంటే ముందు అందవలసినది వీళ్లకే. హైదరాబాద్ వంటి నగరంలో ఇలాంటి పోర్షన్లు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు. పోర్షన్‌కు ఒక కనెక్షన్ ఇవ్వడానికి అయ్యే ఖర్చును తగ్గించి, ఓనర్లను ఒప్పించే బాధ్యతను కిరాయిదారు మీద వదిలేయకుండా విద్యుత్ సంస్థ తీసుకుంటే తప్ప ఇది తీరదు. ఇంటి కప్పు మీద సోలార్ పలకలకు 78,000 రూపాయల వరకు రాయితీ ఇచ్చే కేంద్రం వారి పీఎం సూర్యఘర్ పథకం గురించి చాలామంది నాకు చెప్పారు; అది మంచి పథకమే, కానీ సొంత కప్పు లేనివాళ్లకు అది ఎలా ఉపయోగపడుతుంది?

రెండో తలుపు రేషన్ కార్డు. పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి ఆ కార్డు రావాలి. కానీ ఏళ్ల తరబడి కొత్త కార్డులు దాదాపుగా ఆగిపోవడంతో, పెళ్లై వేరుపడిన జంటల పేర్లు తల్లిదండ్రుల కార్డుల్లోనే ఉండిపోయాయి. కార్డు ఒకటే కాబట్టి జీరో బిల్లు ఒకే కనెక్షన్‌కు వస్తుంది. వేరు కాపురం పెట్టిన కొడుకు బిల్లు కడుతూనే ఉంటాడు. 2025లో కొత్త కార్డులు ఇవ్వడం మొదలైన తర్వాత ఈ చిక్కు కొంత విడింది. అయితే కార్డు చేతికి వచ్చినంత మాత్రాన జీరో బిల్లు దానంతట అది రాదు, మండల పరిషత్ కార్యాలయంలోనో, పురపాలక కార్యాలయంలోనో మళ్లీ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. కార్డు ఇచ్చేదీ ప్రభుత్వమే, కరెంటు రాయితీ ఇచ్చేదీ ప్రభుత్వమే అయినప్పుడు కార్డు ఇచ్చే చోటే ఒక్క నంబరు రాయించుకుని పని ముగించడం సాధ్యం కాదా అని నేను అడిగాను, సమాధానం రాలేదు.

జీరో బిల్లు విలువ ఎంతో గ్యాస్ రాయితీ పక్కన పెట్టి చూసినప్పుడు ఇంకా బాగా తెలిసింది. అదే 2024 ఫిబ్రవరి 27న ఆరు గ్యారంటీల్లో మరొకటైన మహాలక్ష్మి కింద 500 రూపాయలకు సిలిండర్ కూడా ప్రారంభించారు. పేరుకు 500 సిలిండరే గానీ, తెచ్చిన అబ్బాయికి ముందు పూర్తి ధర ఇవ్వాలి, రాయితీ సొమ్ము తర్వాత బ్యాంకులో పడుతుంది. హైదరాబాద్‌లో సిలిండర్ 855 రూపాయలు ఉన్న రోజుల్లో లెక్క చూస్తే 355 రూపాయలు వెనక్కి రావాలి. చేతిలో 855 లేని ఇంటికి ఆ 355 ఎప్పుడో వస్తుందన్న మాట పొయ్యి వెలిగించదు. మా విషయంలో మొదటి రెండు సిలిండర్ల సొమ్ము రాలేదనుకుని నాలుగు నెలలు తిరిగాక, అది మా అమ్మ మరిచిపోయిన పాత ఖాతాలో పడుతోందని తేలింది. ఆధార్‌ను చివరిగా ఏ ఖాతాకు జోడించామో ఆ ఖాతాలోకే ఇలాంటి సొమ్ము వెళుతుంది కాబట్టి రెండు ఖాతాలు ఉన్నవాళ్లు ముందు అది సరిచూసుకోవాలి. పైగా గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి సిలిండర్ల సంఖ్య నిర్ణయిస్తారు. డబ్బు లేక కట్టెల పొయ్యితో నెట్టుకొచ్చిన ఇల్లు తక్కువ సిలిండర్లు వాడినందుకు తక్కువ రాయితీకే అర్హమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో చంద్రబాబు నాయుడు ప్రారంభించిన దీపం-2లో ఏడాదికి మూడు సిలిండర్లు పూర్తిగా ఉచితమే అయినా, అక్కడా ముందు కట్టి తర్వాత తిరిగి పొందే పద్ధతితోనే మొదలైంది. పలాసలో ఉన్న మా వదిన ఆ డబ్బు రెండు రోజుల్లో పడిందని సంతోషంగా చెప్పింది, కానీ ఆ రెండు రోజుల కోసం పక్కింట్లో అప్పు తెచ్చింది. బిల్లులోనే తీసివేసే గృహజ్యోతి పద్ధతికీ, ముందు కట్టించుకునే సిలిండర్ పద్ధతికీ మధ్య ఉన్న తేడా ఆ అప్పే.

కాబట్టి అందే తీరుకు అయిదుకు అయిదు మార్కులు ఇస్తాను. అర్హులను చేరుకునే తీరుకు రెండున్నర ఇస్తాను. 200 గీత దగ్గర ప్రవర్తించే తీరుకు ఒక్కటి కంటే ఎక్కువ ఇవ్వలేను.

దరఖాస్తు చేయబోయేవాళ్లకు నా అనుభవం నుంచి కొన్ని మాటలు. ఇటీవలి కరెంటు బిల్లును వెంట తీసుకువెళ్లండి, మీటరు పెట్టె మీది నంబరు కాకుండా బిల్లు మీది యూనిక్ సర్వీస్ నంబరే రాయండి, కంప్యూటరులో ఎక్కించిన తర్వాత ఆ నంబరును చదివి వినిపించమని మర్యాదగా అడగండి. రసీదు ఫోటో తీసి పెట్టుకోండి. జీరో బిల్లులను కూడా పారేయకుండా దాచండి, రీడింగులో తేడా వచ్చిందని విద్యుత్ సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసినప్పుడు పాత రీడింగులు వాటిలోనే దొరుకుతాయి. రీడింగు తీసిన తేదీ నుంచి ఇరవయ్యో రోజున ఒకసారి మీటరు చూసుకుంటే, అప్పటికి 130 దాటి ఉన్న ఇల్లు మిగిలిన పది రోజులు జాగ్రత్తపడవచ్చు. మా అమ్మకు అంకెలు చదవడం వచ్చు. బీడీల లెక్క రాసుకునే పుస్తకం చివరి పేజీలో ఇప్పుడు ప్రతి ఆదివారం మీటరు రీడింగు కూడా రాస్తోంది.

మా ఇంటి ఎదురుగా ఉండే అక్క, భర్త పోయిన తర్వాత ఇద్దరు పిల్లలతో వేరుగా ఉంటూ నాలుగేళ్లు కార్డు కోసం ఎదురుచూసింది. 2025 ఆగస్టులో ఆమెకు కొత్త రేషన్ కార్డు వచ్చింది. మర్నాడే ఇద్దరం కలిసి వెళ్లి గృహజ్యోతికి దరఖాస్తు పెట్టాము. నంబరును నేను బిల్లుతో రెండుసార్లు సరిపోల్చి రాశాను, అక్కడి ఉద్యోగి ఎక్కించిన తర్వాత మరోసారి చదివించుకున్నాను. అక్టోబరులో ఆమెకు 64 యూనిట్లకు సున్నా బిల్లు వచ్చింది.